రైల్వే స్టేషన్‌కు ఇంటి పన్ను ఉండదా? ఆదోని, ఎమ్మిగనూరు లబ్ధిదారులు తెలుసుకోవలసిన విషయాలు

ఎవరు చదవాలి: ఆదోని, ఎమ్మిగనూరు మున్సిపాలిటీల్లో టిడ్కో ఇల్లు వచ్చినవారు, కాలనీలో పట్టా తీసుకుని ఇల్లు కట్టుకున్నవారు, ఇంకా కడుతున్నవారు. రైలు లైను వెంబడి ఉన్న కోసిగి లాంటి పంచాయతీల వాళ్లకు కూడా పనికొస్తుంది. చదవడం రాని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే దయచేసి చదివి వినిపించండి.

మీ ఇల్లు పూర్తయింది. కరెంటు మీటరు వచ్చింది. కొన్నాళ్లకు వార్డు సచివాలయం నుంచి ఇంటి పన్ను నోటీసు కూడా వచ్చింది. అప్పుడు చాలామంది అడిగే మాట ఒకటే: "అన్నా, మా రెండు గదుల ఇంటికి పన్ను వేసినారు సరే, అంత పెద్ద రైల్వే స్టేషన్‌కు, పోస్టాఫీసుకు ఎంత వేసినారు?" అడగవలసిన ప్రశ్నే. దానికి ఒక్క మాటలో జవాబు చెప్తే తప్పు అర్థం వస్తుంది. అందుకే ఈ పీడీఎఫ్.

ముందుగా మీ నోటీసు సంగతి

ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల్లో 2021 ఏప్రిల్ 1 నుంచి ఇంటి పన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద లెక్క వేస్తున్నారు. నివాస భవనాలకు ఆ విలువలో 0.10 శాతం నుంచి 0.50 శాతం దాకా, నివాసేతర భవనాలకు 0.20 శాతం నుంచి 2 శాతం దాకా వేయవచ్చు. ఆ హద్దుల్లో మీ ఊరికి ఎంత అన్నది మున్సిపాలిటీ నిర్ణయిస్తుంది.

పేదల ఇళ్లకు ఇందులో ఒక వెసులుబాటు ఉంది. 375 చదరపు అడుగుల వరకు ఉన్న ఇంట్లో యజమాని తానే కాపురం ఉంటే పన్ను ఏడాదికి 50 రూపాయలు మాత్రమే. కాలనీల్లో కట్టిన 340 అడుగుల ఇల్లు, టిడ్కోలో 300, 365 అడుగుల ఇళ్లు ఈ కొలత లోపలే ఉన్నాయి. 430 అడుగుల టిడ్కో ఇల్లు దాటిపోతుంది. కాబట్టి నోటీసు రాగానే రూపాయలు తర్వాత చూడండి, ముందు అందులో మీ ఇంటి విస్తీర్ణం ఎన్ని అడుగులని రాశారో చూడండి. మెట్లు, వరండా కలిపి ఎక్కువ రాసి ఉంటే కొలతలు ఎలా తీశారో రాతపూర్వకంగా అడగండి. ఇల్లు అద్దెకు ఇస్తే ఈ 50 రూపాయల లెక్క వర్తించదు. ఆ మాట దాచిపెడితే తర్వాత మీకే ఇబ్బంది.

ఇంకో మాట. మీ ప్లాటు నిన్నటిదాకా సర్కారు భూమి. దాని మీద మున్సిపాలిటీకి పన్ను లేదు. మీరు ఇల్లు కట్టడంతో అది పన్ను పుస్తకంలోకి ఎక్కింది. అంటే మీరు ఊరి ఖజానాకు కొత్తగా వచ్చిన చందాదారు. పక్కనున్న పెద్ద ఆస్తులు ఎంత కడుతున్నాయని అడిగే హక్కు మీకు బాగానే ఉంది.

రైల్వే ఎందుకు కట్టదు?

రాజ్యాంగంలో 285వ అధికరణం ఉంది. కేంద్ర ప్రభుత్వ ఆస్తి మీద రాష్ట్రం గానీ, రాష్ట్రంలోని మున్సిపాలిటీ, పంచాయతీ గానీ పన్ను వేయకూడదు, పార్లమెంటు చట్టం చేసి ఒప్పుకుంటే తప్ప. ఇదీ దాని సారాంశం. రైల్వే స్టేషన్, రైల్వే క్వార్టర్లు, పోస్టాఫీసు, ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసు వంటివి కేంద్రానివి. వాటికి మీకు వచ్చినట్టు ఇంటి పన్ను నోటీసు రాదు. రైల్వేకైతే 1989 నాటి రైల్వే చట్టంలో కూడా ఇలాంటి రక్షణే ఉంది. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తేనే స్థానిక సంస్థకు రైల్వే పన్ను కట్టాలి.

ఈ తగవు మనకు కొత్తదేమీ కాదు, దూరపుదీ కాదు. బళ్లారి మున్సిపాలిటీ రైల్వే ఆస్తుల మీద పన్ను వేస్తే విషయం సుప్రీంకోర్టు దాకా పోయింది. రైల్వే ఆస్తి కేంద్ర ఆస్తి, పన్ను చెల్లదు అని 1978లో కోర్టు తేల్చింది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ఆదోని తాలూకా కూడా బళ్లారి జిల్లాలోదే. ఒకే జిల్లా, ఒకే మద్రాసు రాష్ట్రం, ఒకే పాత మున్సిపల్ చట్టం. బళ్లారికి చెప్పిన తీర్పు ఆదోనికి చెప్పినట్టే.

285లో రెండో భాగం ఒకటుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. రాజ్యాంగం రాకముందు, అంటే 1950 జనవరి 26కు ముందు, ఏదైనా కేంద్ర ఆస్తి మీద పన్ను వసూలు చేస్తూ ఉండి, ఆ పన్ను ఆ రాష్ట్రంలో అలాగే కొనసాగుతూ ఉంటే, దాన్ని వసూలు చేసుకోవచ్చు. ఆదోని 1865 నాటి మున్సిపాలిటీ. మద్రాసు వైపు లైను, బొంబాయి వైపు లైను రాయచూరు దగ్గర కలిసింది 1871లో. కాబట్టి ఆదోనిలో పాత అసెస్‌మెంట్ రిజిస్టర్లు ఉంటే ఒకసారి తిరగేయడం దండగ కాదు. అది మున్సిపాలిటీ చేయవలసిన పని, మీది కాదు. అడగడం మాత్రం మీరు చేయవచ్చు.

పన్ను లేదు, మరి ఊరికేనా?

ఊరికే కాదు. అసలు విషయం ఇక్కడుంది.

స్టేషన్‌కు పోయే రోడ్డు మున్సిపాలిటీది. ఆ రోడ్డు మీద లైటు మున్సిపాలిటీది. చెత్త, మురుగు, దోమల మందు అన్నీ మున్సిపాలిటీ ఖర్చే. అందుకని కేంద్ర ఆస్తులు పన్నుకు బదులుగా "సర్వీస్ ఛార్జీ" కట్టాలని కేంద్ర ప్రభుత్వమే 1954 నుంచి ఉత్తర్వులు ఇస్తూ వచ్చింది. ఉత్తర్వులు ఉన్నా చాలా చోట్ల డబ్బు రాలేదు. గుజరాత్‌లోని రాజ్‌కోట్ నగరపాలక సంస్థ కోర్టుకెక్కింది. 2009 నవంబర్ 19న సుప్రీంకోర్టు ఆ కేసు ముగిస్తూ లెక్క ఖాయం చేసింది. పన్ను వద్దు, కానీ అందించిన సేవలకు ఛార్జీ కట్టాలి. ఎంత కట్టాలన్నది ఆ ఆస్తి ఊరి సేవలను ఏ మేరకు వాడుకుంటోంది అన్నదాన్ని బట్టి:

సేవలన్నీ వాడుకుంటే, మామూలుగా పడే ఆస్తి పన్నులో 75 శాతం.
కొన్ని సేవలే వాడుకుంటే 50 శాతం.
ఏవీ వాడుకోకపోయినా మూడోవంతు, అంటే 33.33 శాతం.

ఏ సేవా వాడని వాళ్లు మూడోవంతు ఎందుకు కట్టాలి అని మీకు అనుమానం రావచ్చు. ఒక క్వార్టర్ల కాలనీ సొంతంగా నీళ్లు, డ్రైనేజీ, లైట్లు పెట్టుకుందనుకోండి. అక్కడి మనుషులు గేటు దాటి బయటికి వస్తే ఊరి రోడ్డే కదా, ఊరి మార్కెట్టే కదా. ఆ మాత్రానికి ఆ మూడోవంతు.

ఒక లెక్క చూద్దాం. ఇది అర్థం కావడానికి వేసిన లెక్కే, ఏ భవనానిదీ కాదు. ఒక కేంద్ర ప్రభుత్వ భవనం మూలధన విలువ కోటి రూపాయలు, ఆ ఊళ్లో అలాంటి భవనానికి పన్ను రేటు 1 శాతం అనుకోండి. ప్రైవేటు వాళ్లదైతే లక్ష రూపాయలు కట్టాలి. కేంద్రానిది కాబట్టి పన్ను సున్న. సర్వీస్ ఛార్జీ మాత్రం సేవలన్నీ తీసుకుంటే 75,000, కొన్ని తీసుకుంటే 50,000, ఏవీ తీసుకోకపోతే 33,333 రూపాయలు. ఒక ఏడాదికి ఒక భవనం సంగతి ఇది. పదేళ్లు అడగకపోతే ఎంతవుతుందో మీరే వేసుకోండి.

ఇందులో మున్సిపాలిటీకి ఒక కట్టడి కూడా ఉంది. ఛార్జీ కట్టలేదని నీళ్లు ఆపడం, జప్తుకు పోవడం లాంటి బలవంతపు పనులు చేయకూడదు. చట్టప్రకారం ఉన్న వేరే దారుల్లో పోవాలి. మీకైతే బకాయి పడితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. కేంద్ర ఆఫీసుతో మాత్రం ఉత్తరాలు, ఒప్పందం, మాట్లాడుకోవడం. ఇది సమానమా అంటే కాదనే చెప్పాలి. కానీ ఉన్నది ఇది. అందువల్లే మున్సిపాలిటీ తనంతట తాను ఆస్తులు కొలిచి, బిల్లు వేసి, వెంటపడకపోతే ఈ డబ్బు రాదు. బిల్లే వేయని డబ్బు బకాయిల పట్టికలో కూడా కనపడదు. ఎవరికీ తెలియకుండానే పోతుంది.

ఇలాంటి ఏర్పాటు వేరే దేశాల్లోనూ ఉంది. అమెరికాలో 1976లో దీనికి ప్రత్యేకంగా చట్టమే చేశారు. అక్కడ కౌంటీల్లో కేంద్ర ప్రభుత్వ అడవులు, బీడు భూములు విస్తారంగా ఉంటాయి. వాటికి పన్ను లేదు కాబట్టి ఎకరాలు, జనాభా లెక్కగట్టి ఏటా కౌంటీకి సొమ్ము పంపుతారు. మన దగ్గర చట్టం లేదు. కేంద్ర ఉత్తర్వులు, ఒక సుప్రీంకోర్టు తీర్పు, వాటి మీద ఒప్పందాలు, అంతే.

"గవర్నమెంటు" అని బోర్డు ఉంటే చాలదు

ఇక్కడ చాలామంది పొరబడతారు, ఆఫీసుల్లో కూడా. కేంద్ర ప్రభుత్వ శాఖ వేరు, కేంద్ర ప్రభుత్వ కంపెనీ వేరు. శాఖకే 285 రక్షణ. కంపెనీకి లేదు. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ కంపెనీ మాకూ మినహాయింపు ఇవ్వండి అని అడిగితే, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద వేసిన ఆ కేసులో 1999లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కంపెనీ వేరు, కేంద్రం వేరు అంది. అదే ఏడాది ఎఫ్‌సీఐ గోదాముల విషయంలోనూ అలాగే చెప్పింది.

టెలిఫోన్ శాఖ 2000 అక్టోబర్ 1న బీఎస్ఎన్ఎల్ కంపెనీ అయింది. ప్రభుత్వ బ్యాంకులు, ఎల్ఐసీ కూడా సంస్థలే. అవి శాఖలు కావు. పత్తి సీజన్‌లో ఆదోని యార్డుకు వచ్చే సీసీఐ కూడా కంపెనీయే. దానికి సొంత భవనం ఉంటే పన్ను ఉంటుంది. పోస్టాఫీసు మాత్రం ఇప్పటికీ శాఖే.

ఆర్టీసీ సంగతి చాలామంది అడుగుతారు. 1964లోనే ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఆదాయపు పన్ను కేసులో సుప్రీంకోర్టు, కార్పొరేషన్ ఆదాయం రాష్ట్ర ప్రభుత్వ ఆదాయం కాదని చెప్పింది. అది 289వ అధికరణం కింద వచ్చిన కేసు, ఇంటి పన్నుది కాదు. కానీ అందులో ఉన్న సూత్రం ఇదే. సిబ్బందిని 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వంలో కలిపారు గానీ ఆస్తులున్న సంస్థ కార్పొరేషనే. బస్టాండులో అద్దెకిచ్చిన షాపుల సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

ఎమ్మిగనూరు వాళ్లకు

ఎమ్మిగనూరుకు రైలే లేదు, మాకేం సంబంధం అనకండి. మీ ఊళ్లో పోస్టాఫీసు ఉంది. అంతకన్నా ముఖ్యం, రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసులు ఉన్నాయి. వాటి కథ వేరు.

రాష్ట్ర ప్రభుత్వ భవనాలకు 285 వర్తించదు. తహసీల్దారు ఆఫీసు, పోలీసు స్టేషన్, ఇరిగేషన్ ఆఫీసు వంటి వాటికి మున్సిపాలిటీ డిమాండ్ వేస్తుంది. ఆ శాఖకు పైనుంచి బడ్జెట్ వచ్చినప్పుడు కడతారు. రాకపోతే బకాయిగా ఉండిపోతుంది. ఈ బకాయిలు రాష్ట్రమంతటా ఉన్న జబ్బే. ఎమ్మిగనూరు లాంటి ఊళ్లో, రైల్వే మీద రావలసినదానికన్నా సొంత రాష్ట్ర శాఖల నుంచి రావలసిందే ముందు చూసుకోవాలి.

గుడి, మసీదు, చర్చి వంటి ప్రార్థనా స్థలాలకు పన్ను మినహాయింపు ఉంది. నీలకంఠేశ్వరస్వామి గుడికైనా, ఆదోని షాహీ జామియా మసీదుకైనా ఒకటే సూత్రం. ప్రార్థనకు వాడే భాగానికే మినహాయింపు. అద్దెకిచ్చిన దుకాణాలకు కాదు. వీటికి బదులుగా ఎవరూ సర్వీస్ ఛార్జీ కట్టరు.

1938లో మాచాని సోమప్ప గారు మొదలుపెట్టిన చేనేత సహకార సంఘం ఎమ్మిగనూరుకు పేరు తెచ్చింది. కానీ సహకార సంఘం ప్రభుత్వం కాదు. సహకార సంఘాల భవనాలకు ఈ పీడీఎఫ్‌లో చెప్పిన 285 గానీ, సర్వీస్ ఛార్జీ గానీ తగలవు. మగ్గం ఇంట్లోనే ఉన్న నేతన్నలు మాత్రం ఒకటి చూసుకోండి: నోటీసులో మీ ఇల్లు "నివాసం" అని ఉందా, "నివాసేతరం" అని ఉందా? తేడా చాలా ఉంటుంది.

పంచాయతీల్లో

కోసిగిలో స్టేషన్ ఉంది. మంత్రాలయం రోడ్డు స్టేషన్ ఉన్న తుంగభద్ర ఊరు కూడా పంచాయతీయే. 285 పంచాయతీలకూ అంతే వర్తిస్తుంది, అంటే రైల్వేకు ఇంటి పన్ను వేయలేరు. రాజ్‌కోట్ తీర్పు నగరపాలక సంస్థలు వేసిన కేసులో వచ్చింది. అయినా స్టేషన్‌కు తాము ఏయే సేవలు చేస్తున్నామో రాసి, సర్వీస్ ఛార్జీ అడుగుతూ పంచాయతీ తీర్మానం చేసి పంపడానికి అడ్డేమీ లేదు. గ్రామసభలో ఈ మాట ఎత్తవచ్చు.

ఈ డబ్బు వస్తే మీకేంటి?

మీ ఖాతాలో పడదు. మీ పన్ను తగ్గదు. ఆశ పెట్టి చెప్పడం మాకు ఇష్టం లేదు.

కానీ మున్సిపాలిటీ సొంత ఆదాయం అంటే ఏమిటో చూడండి. ఆర్థిక సంఘం నుంచి వచ్చే గ్రాంటుకు షరతులు ఉంటాయి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం కిందే ఖర్చు పెట్టాలని కట్టేసింది. అంతేకాదు, పట్టణాలు ఆస్తి పన్ను వసూళ్లు పెంచుకుంటూ పోతేనే గ్రాంటు అంది. సొంత ఆదాయం అలా కాదు. ఫలానా కాలనీలో కాలువ లేదు, లైట్లు లేవు అంటే కౌన్సిల్ తీర్మానం చేసి పెట్టుకోగల డబ్బు అది. ఊరి చివర కొత్తగా వచ్చిన కాలనీలకు, టిడ్కో బ్లాకులకు కావలసింది సరిగ్గా ఇలాంటి డబ్బే. 2011 లెక్కల్లో ఆదోని జనాభా లక్షా అరవై వేలు దాటింది. ఎమ్మిగనూరుది 95 వేల దాకా ఉంది. ఆ తర్వాత పెరిగిన ఊరంతా ఎక్కువగా శివార్లలోనే పెరిగింది.

జాగ్రత్త: రెండు తప్పుడు మాటలు

"రైల్వే కట్టనప్పుడు మనమెందుకు కట్టాల" అని ఎవరైనా అంటే వినకండి. వాళ్లకు రాజ్యాంగ రక్షణ ఉంది, మీకు లేదు. వడ్డీ మీ మీదే పెరుగుతుంది. పైగా ఏప్రిల్ 30లోపు ఏడాది పన్ను మొత్తం ఒకేసారి కడితే 5 శాతం రాయితీ వస్తుంది. అది పోగొట్టుకోకండి.

రెండోది ఇంకా ముఖ్యం. రైల్వే భూమిలో, కాలువ గట్టు మీద, ఇతర ప్రభుత్వ పోరంబోకులో ఇల్లు వేసుకున్నవాళ్లకు కూడా ఒక్కోసారి పన్ను వేస్తారు. "ఇరవై ఏళ్ల నుంచి రసీదులు ఉన్నాయి, ఇల్లు నాదే" అని కొందరు, ఆ రసీదులు చూపించి ఇల్లు అమ్మేవాళ్లు కొందరు. పన్ను రసీదు పట్టా కాదు. పన్ను భవనం మీద వేస్తారు, దానితో భూమి మీద హక్కు రాదు. అలాంటి ఇల్లు కొనే ముందు పట్టా ఎవరి పేరున ఉంది, భూమి ఏ శాఖది అని తహసీల్దారు ఆఫీసులో అడగండి. రైల్వే స్థలంలో ఉన్నవాళ్లు రసీదులు పారేయకండి, మీరు అక్కడ ఉంటున్నారనడానికి పనికొస్తాయి. ఇల్లు ఖాళీ చేయమన్నప్పుడు వేరే చోట పట్టాకు దరఖాస్తు పెట్టుకోవాలంటే ఆ రుజువు అవసరం పడవచ్చు.

ఎలా అడగాలి?

సచివాలయంలో నోటితో అడిగితే "పైన అడగండి" అంటారు. పాపం, వాళ్ల చేతిలో ఆ లెక్క ఉండదు. సమాచార హక్కు దరఖాస్తు మేలు. తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే చాలు. మున్సిపాలిటీకి ఫీజు 10 రూపాయలు. మండల స్థాయి ఆఫీసుకు 5 రూపాయలు, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడా ఫీజు లేదు, రుజువుగా కార్డు జిరాక్సు జత చేయండి. ఇలా రాయవచ్చు:

"పౌర సమాచార అధికారి గారికి, పురపాలక సంఘం కార్యాలయం. సమాచార హక్కు చట్టం, 2005 కింద ఈ వివరాలు ఇవ్వగలరు. 1. మన పట్టణ పరిధిలో కేంద్ర ప్రభుత్వ శాఖల ఆస్తులు ఏవి, వాటి అసెస్‌మెంట్ నంబర్లు, విస్తీర్ణం. 2. ఒక్కో ఆస్తికి సర్వీస్ ఛార్జీ 75, 50, 33.33 శాతాల్లో ఏ రేటున వేశారు, ఒప్పందం ఉంటే దాని నకలు. 3. గత ఐదేళ్ల డిమాండ్, వసూలు, బకాయి పట్టిక. 4. రాష్ట్ర ప్రభుత్వ శాఖల నుంచి రావలసిన ఆస్తి పన్ను బకాయి, శాఖలవారీగా. 5. బకాయిల కోసం రాసిన ఉత్తరాల నకళ్లు."

ఆఫీసులో ఈ పట్టికను డీసీబీ అంటారు. ఆ మాట వాడితే ఏది అడుగుతున్నారో వెంటనే అర్థమవుతుంది. రెండో ప్రశ్నకు "సర్వీస్ ఛార్జీ వేయలేదు" అని జవాబు వస్తే నిరాశ పడకండి. నిజానికి మీకు కావలసిన కాగితం అదే. దాని నకలు వార్డు కౌన్సిలర్‌కు ఇచ్చి, కౌన్సిల్ సమావేశంలో పెట్టమని అడగండి. మహిళా సంఘం తరఫున పది సంతకాలతో ఇస్తే ఇంకా మంచిది.

దరఖాస్తు ఇచ్చినప్పుడు రెండో కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు అదే ఆఫీసులోని అప్పిలేట్ అధికారికి మొదటి అప్పీలు పెట్టండి, ఆ ముద్ర వేసిన కాపీ జిరాక్సు జత చేయడం మరవకండి.